కాచని డక్కీ

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. పాలవాడు ఏ రోజైనా నవ్వుతూ పోశాడంటే, మీగడ ఎంత కట్టిందో చూసుకుని గానీ నేను కాఫీ కలపను. అలాంటి నాకు మస్కట్ నుంచి మా పిన్ని కూతురు ఉష ఫోన్ చేసి, "లక్ష్మక్కా, ఒమాన్ రా. వీసా, టిక్కెట్టు అన్నీ మేమే చూసుకుంటాం" అంది. నేను మురిసిపోలేదు. "ఎందుకు?" అన్నాను.

ఎందుకంటే, అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే మన కోస్తా నర్సులు ఏళ్ల తరబడి ఏటా ఒక బుర్రకథ ఆడుతున్నారట. ఓడెక్కి అరబ్బు దేశం చేరిన సాలమ్మ అనే మంత్రసాని కథ. వాళ్లే కట్టుకున్నారు, వాళ్లే చెబుతున్నారు. ఈ ఏడు వాళ్లలో పేచీ వచ్చింది. రికార్డు వేసి, వెనక పెద్ద తెర కట్టి, డాన్సులు కలుపుదామని కొందరు. ప్రాణం పోయినా పాత పద్ధతి వదలమని కొందరు. మా నాన్న తెనాలి వైపు బుర్రకథ దళం నడిపాడు. పెళ్లయ్యేదాకా ఆయన పక్కన నేను వంత చెప్పాను. కాబట్టి నేను వచ్చి ఆట చూసి, చివర స్టేజీ మీద రెండు మాటలు చెబితే, దానికి అందరూ కట్టుబడి ఉంటారట.

తీర్పు ముందే రాసుకుని, కింద ముద్ర గుద్దడానికి నన్ను పిలుస్తున్నారని అప్పుడే అనుకున్నాను. అయినా వెళ్లాను. కళ్లతో చూడకుండా అనుమానపడితే నాకు తృప్తిగా ఉండదు.

మస్కట్: హారన్ కొడితే టీ

మస్కట్ మరీ శుభ్రంగా ఉంది. రోడ్డు మీద కాగితం ముక్క లేదు, ఎవరూ ఎవరినీ తిట్టుకోవడం లేదు. ఇంత శుభ్రం చేసే మనుషులు ఎక్కడుంటారా అని చూస్తే, ఎండలో నారింజ చొక్కాలతో అందరూ మనవాళ్లో, బంగ్లాదేశ్ వాళ్లో. ఆ లెక్క అక్కడికి తేలింది.

సాయంత్రం ఉష కారు ఒక చిన్న కొట్టు ముందు ఆపి హారన్ కొట్టింది. నేను గొడవకి సిద్ధపడ్డాను. మన దగ్గర హారన్ మోగిందంటే ఎవరో ఒకరు దిగి చొక్కా పట్టుకోవాలి. అక్కడ కేరళ కుర్రాడు పరుగున వచ్చి, "ఎన్ని కరక్?" అని హిందీలో అడిగాడు. కరక్ అంటే యాలకులు వేసి బాగా మరగబెట్టిన పాల టీ. కారు దిగకుండానే తాగేసి, నూరు బైసల నోటు, అంటే అక్కడి చిల్లర డబ్బు, ఇచ్చి వెళ్లిపోతారు. టీ బాగుంది. బాగుందని ఉషతో మాత్రం అనలేదు.

"హాస్య వంత ఎవరే?" అని అడిగాను. బుర్రకథలో మధ్యన కథకురాలు తంబురతో నిలబడితే, కుడిపక్క వంత గంభీరంగా మాట్లాడుతుంది. ఎడమపక్క వంత నవ్విస్తుంది. దళం సత్తా ఎడమపక్కన తెలుస్తుందని మా నాన్న అనేవాడు.

"సువార్త అనీ, చీరాల ఆవిడ. ఆవిడ కోసమే జనం వస్తారు. కానీ అక్కా, ఈమధ్య ఎవరితోనూ మాట్లాడట్లేదంట. పేరొచ్చాక గర్వం వచ్చిందంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"అందరూను" అంది ఉష. ఆ 'అందరూ' ఎవరో ఎప్పుడూ తేలదు.

అల్ సువైక్: ఊపని కప్పు

రిహార్సల్ అల్ సువైక్ దగ్గర ఒక ఖర్జూరపు తోటలో. దళానికి పెద్ద కరుణమ్మ గారు, యాభై దాటిన నర్సు. తోట యజమాని మనవలందరికీ పురుడు పోసింది ఆవిడేనట. ఆ కృతజ్ఞతతో ఆయన ఏటా తన షెడ్డు వాళ్లకి వదిలేస్తాడు. పాత పద్ధతి కావాలని పట్టుబట్టిన వర్గానికి నాయకురాలు కూడా కరుణమ్మ గారే.

యజమాని నన్ను చాప మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు ముందు పెట్టి, బొటనవేలంత కప్పులో కహ్వా, అదే అరబ్బు కాఫీ, పోశాడు. చేదుగా, యాలకుల వాసనతో ఉంది. తాగి కప్పు చాపితే మళ్లీ పోశాడు. చేత్తో వద్దన్నాను. నవ్వి మళ్లీ పోశాడు. తల అడ్డంగా ఊపాను. మళ్లీ పోశాడు. షెడ్డులోంచి అప్పటికే ఏవో సర్దుతున్న చప్పుడు వస్తోంది. నేను చూడకూడనిది ఏదో అక్కడుందనీ, అది సర్దేదాకా నన్ను కదలనివ్వకుండా ఈయన్ని కాపలా పెట్టారనీ అనుకున్నాను.

చివరికి లోపల్నుంచి లాప్‌టాప్ సంకలో పెట్టుకుని ఒకాయన వచ్చాడు. ఇమ్మానుయేలు, ఆసుపత్రి ల్యాబ్‌లో పని, ఇక్కడ సౌండు చూస్తాడు. "అమ్మా, కప్పు ఇట్టా రెండు పక్కలకీ ఊపండి. ఊపితేనే చాలని అర్థం. లేకపోతే తెల్లార్లూ పోస్తానే ఉంటాడు" అన్నాడు. ఊపాను. యజమాని వెంటనే కప్పు తీసుకున్నాడు. మన ఇళ్లలో నోటితో వద్దన్నా వడ్డిస్తారు, వీళ్లు చేత్తో ఊపితే ఆపేస్తారు. వీళ్ల పద్ధతే నయం.

కానీ బుర్రకథకి లాప్‌టాప్ ఎందుకు?

షెడ్డులో సువార్తను చూశాను. నలభై అయిదేళ్లుంటాయి. అంత ఉక్కలో మెడ చుట్టూ స్కార్ఫు కట్టుకుని, ఫ్లాస్కులోంచి వేడినీళ్లు తాగుతోంది. నమస్కారం పెట్టాను. చేతులు జోడించి తల వంచింది, అంతే. నోరు విప్పలేదు. ఉష చెప్పింది నిజమే అనుకున్నాను.

"ఈవిడ మాట్లాడరా?" అని కరుణమ్మ గారిని అడిగాను.

"స్టేజీ మీద మాట్టాడుద్ది లెండి."

"మా నాన్న దళంలో సభ ప్రశ్న ఉండేది. సభలో పెద్దవాళ్లెవరైనా లేచి ఒక ప్రశ్న వేస్తే, హాస్య వంత ఊపిరి తిప్పుకునేలోపు జవాబు చెప్పాలి. మీకూ ఉందని ఉష చెప్పింది. ఎక్కడ పెట్టారు?"

"ఉండేదండీ. ఈ ఏడు తీసేశాం. హాలు తొందరగా ఖాళీ చేసియ్యాలంట." ఇలా అని ఆవిడ తంబుర తీగలు సవరించడం మొదలుపెట్టింది. అవి అప్పటికే శ్రుతిలో ఉన్నాయి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఇమ్మానుయేలు ఎందుకో లాప్‌టాప్ మూత వేశాడు.

మొదలుపెట్టేముందు అందరూ నీళ్లకి లేచినప్పుడు నేనొక పని చేశాను. సువార్త డక్కీని మెల్లగా వేలితో కొట్టి చూశాను. మట్టి బుర్రకి తోలు బిగించిన వాయిద్యం అది. వాయించేముందు తోలు కాచాలి, కాచకపోతే వదులై మొద్దుగా పలుకుతుంది. మా నాన్న గడ్డిమంట మీద కాచేవాడు. ఈ నర్సులు తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యరుతో కాస్తున్నారు. కుడి వంత డక్కీని అలా కాచడం నేను చూశాను కూడా. సువార్తది ఎవరూ కాచలేదు. నా వేలి కింద తడిసిన అట్టలా బొద్దుమంది.

ఆట మొదలైంది. సాలమ్మ ఓడెక్కుతోంది. కెప్టెన్ అడ్డుపడి, సామానులో ఆవకాయ జాడీ ఎందుకన్నాడు. సువార్త గొంతు కంచులా మోగింది. "ఓడ మునిగినా..." అని మధ్యలో చిన్నగా దగ్గి, "ఆవకాయ మునగదు దొరా! జాడీ పట్టుకుని నేనూ తేలతా!" అంది. డక్కీ టింగుమని బిగువుగా పలికింది.

కాచని డక్కీ అలా పలకదు.

నిజ్వా: మేకల సంత

శుక్రవారం పొద్దున్నే నిజ్వా చేరాం. చెట్టన్నది లేని కొండల మధ్య రోడ్డు. కోట పక్కన మేకల సంత జరుగుతోంది. కొనేవాళ్లు గుండ్రంగా కూర్చుంటే, అమ్మేవాళ్లు మేకల్ని పట్టుకుని వాళ్ల చుట్టూ తిరుగుతూ ధర అరుస్తున్నారు. మన పశువుల సంతలో తువ్వాలు కింద చేతులు దాచి వేళ్లతో బేరమాడతారు, పక్కవాడికి ధర తెలియకూడదు. ఇక్కడ అంతా నలుగురి ముందే. ఆ ఒక్క విషయంలో నిజ్వా మీద నాకు నమ్మకం కుదిరింది.

గోడ పక్కన నిలబడి సంత చూస్తున్న ఒకాయన మా తెలుగు విని దగ్గరికి వచ్చాడు. మల్లేశం, నిజామాబాద్ వైపు. ఎక్కడో దూరాన సైట్‌లో రాడ్లు వంచే పని. రాత్రంతా బస్సులో వచ్చాడట.

"బుర్రకథకేనమ్మా. నా డ్యూటీ ఒకనికి అప్పజెప్పి ఒచ్చిన. మా రూమోళ్లు పది మంది ఒచ్చిన్రు. సువార్తమ్మ జోకులు ఇంటే ఏడాదంత యాదుంటయి."

"ఏదీ, ఒకటి చెప్పు."

"పోయినేడు చెప్పింది, ఓడ మునిగినా ఆవకాయ మునగదని! నడుమల దగ్గొచ్చింది ఆమెకు. గా దగ్గుతోని ఇంకింత నవ్వొచ్చింది, తెల్సా?"

నేను నవ్వలేదు. జోకు పాతదైతే పోనీలే. దగ్గు కూడా పాతదే ఎలా అవుతుంది?

మొత్తం అర్థమైంది. అది పోయినేటి రికార్డు. సువార్త డక్కీ మీద చేతులాడిస్తూ పెదవులు కదుపుతోంది. రికార్డులు వద్దని అవతలి వర్గంతో పోట్లాడే కరుణమ్మ గారే దొంగచాటుగా రికార్డు వేయిస్తోంది. ఆ ఆటకి నా చేత, మా నాన్న పేరు మీద, మెచ్చుకోలు చెప్పిద్దామని చూస్తోంది. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మల్లేశానికి వినిపించబోయేది పోయినేటి దగ్గు. నాకు ఒళ్లు మండింది.

హల్వా కొట్టులో ఉష నెయ్యి కారే హల్వా వేడివేడిగా చేతిలో పెట్టింది. తిన్నాను, రుచి తెలియలేదు. సాయంత్రం ఏం చెయ్యాలో అప్పటికే తేల్చుకున్నాను.

నిజ్వా: హాలు

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో మస్కట్ నుంచి వచ్చిన కుటుంబాలు, వెనకంతా సైట్ల వాళ్లు. నన్ను ముందు వరస మధ్యలో కూర్చోబెట్టారు. మల్లేశం నాలుగు వరసల వెనక ఉన్నాడు.

ఎర్రచీరలు బిగించి ముగ్గురూ వచ్చారు. సువార్త మెడకి వెడల్పాటి పూసల పట్టీ ఉంది. తందాన తాన అని ఎత్తుకోగానే హాలంతా ఈలలు. కరుణమ్మ గారి గొంతు నిఖార్సైనది, చేతివేళ్లకి తొడిగిన అందెలు తాళానికి చక్కగా పడుతున్నాయి. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. ఇంత చేతనైనవాళ్లకి ఈ దొంగపని దేనికి?

ఆవకాయ జాడీ వచ్చింది. దగ్గు వచ్చింది. జనం నవ్వారు, కానీ తెలిసిన జోకుకి నవ్వే నవ్వది. వెనక్కి తిరిగి చూశాను. మల్లేశం మొహంలో ఏదో తేడా తెలిసిన అయోమయం కనిపించింది.

సాలమ్మ ఓడ దిగింది. కరుణమ్మ గారు ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నేను లేచి నిలబడ్డాను.

"వంతగారూ, సభ ప్రశ్న! సాలమ్మ ఇంత దూరం వచ్చింది గదా, ఊళ్లో మొగుణ్ణి ఎవరికి అప్పజెప్పి వచ్చింది?"

హాలు ఒక్కసారి హుషారెత్తింది. ఎదురుచూస్తున్నది దొరికినట్టు వెనక నుంచి చప్పట్లు మొదలయ్యాయి. ఇమ్మానుయేలు చెయ్యి లాప్‌టాప్ మీద అలాగే ఆగిపోయింది. ఆ పెట్టెలో నా ప్రశ్నకి జవాబు లేదు. కరుణమ్మ గారు నావంక చూసింది. ఆ చూపులో దొరికిపోయిన దొంగ భయం కోసం వెతికాను. అక్కడున్నది భయమే, కానీ తనకోసం కాదు. ఆవిడ కళ్లు వెంటనే సువార్త మీదకి పోయాయి.

సువార్త ఊపిరాడనట్టు పూసల పట్టీని ఒక్క లాగు లాగింది. మెడ మీద అడ్డంగా కుట్టిన గాటు, ఇంకా ఎర్రగానే ఉంది.

స్కార్ఫు, వేడినీళ్లు, మౌనం, తీసేసిన ప్రశ్న అన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి. నాలుగు రోజులుగా అన్నీ చూశాను, అనుమానించడానికి పనికొచ్చినంతవరకే చూశాను.

ఆవిడ మైకు దగ్గరికి వంగింది. మాట కాదు, ఎండుటాకుల మీద అడుగుపడితే వచ్చే గరగర.

"అప్పజెబుదామనే చూసిందండీ. ఎవరూ పుచ్చుకోలేదు. అందుకే ఫ్యామిలీ వీసా పెట్టింది."

ముందు రెండు వరసలు గొల్లుమన్నాయి. వెనకవాళ్లకి వినపడలేదు. "ఏమన్నది? ఏమన్నది?" అని గోల. నాలుగో వరస వెనక మల్లేశం కుర్చీ ఎక్కి వెనక్కి తిరిగాడు. "మొగుణ్ణి ఎవ్వలు తీస్కోలేదంట! గందుకే ఫ్యామిలీ వీసా పెట్టిందంట!" అని అరిచాడు. అక్కడ పెద్ద నవ్వు. అక్కడినుంచి ఇంకొకడు అందుకుని వెనక్కి చెప్పాడు, అక్కడ ఇంకో నవ్వు. చివర గోడ దగ్గర నిలబడ్డవాళ్లు నవ్వేసరికి ముందు వరసలు మళ్లీ నవ్వాయి. ఫ్యామిలీ వీసా ఈ జన్మకి రాని వాళ్లే అందరికంటే గట్టిగా, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

ఇమ్మానుయేలు చెయ్యి మళ్లీ లాప్‌టాప్ మీదకి వెళ్లింది. కరుణమ్మ గారు స్టేజీ మీదనుంచే అరచెయ్యి చూపించి ఆపింది. సువార్త డక్కీ కొట్టబోయింది. బొద్దుమంది. ఆవిడ దానివంక చూసి, జనం వంక చూసి, పెదవి విరిచింది. మళ్లీ నవ్వులు. కుడి వంత లోపలికి పరిగెత్తి హెయిర్ డ్రయ్యరు తెచ్చింది. కథ ఆపి, అందరి ముందే, అది బుయ్యిమంటుంటే డక్కీ కాచారు. మా నాన్న చూస్తే ఏమనేవాడో తెలియదు. కాచాక ఒక్క దెబ్బ పడింది. టింగుమంది.

ఆ తర్వాత సాలమ్మ కథ అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా ముగిసింది. ప్రతి జోకూ గోడ దాకా నడిచి వెళ్లాలి మరి. చివర నన్ను రెండు మాటలకి పిలవడం అందరూ మర్చిపోయారు, నేనూ గుర్తుచేయలేదు.

ఖురియాత్: ఉన్న మైకు

మర్నాడు దళమంతా ఖురియాత్ సముద్రం ఒడ్డున వంటకి చేరింది. ఆట మర్నాడు అలా కలిసి తినడం వాళ్ల ఆనవాయితీ. నేను రానన్నాను. ఉష లాక్కొచ్చింది. అప్పుడే పడవలోంచి దింపిన వంజరం ముక్కలతో పులుసు కాగుతోంది. సువార్త చింతపండు పిసుకుతోంది. పక్కన కూర్చున్నాను.

ఆవిడే గరగరమంటూ అంది. "నన్ను పట్టేద్దామనే లేచారు గదా?"

"అవును."

"తెలుసు. రిహార్సల్లో నా డక్కీ కొట్టి చూశారు. కిటికీలోంచి కనపడింది."

"మీ జబ్బు సంగతి ఒక్కరైనా నాకు చెబితే..."

"మేమంతా నర్సులమండీ. పేషంటు సంగతి బయటివాళ్లకి చెప్పం. నా జబ్బు నేనే చెప్పుకోవాల. నేను చెప్పలా." చింతపండు పిప్పి తీసి పక్కన పెట్టింది. "గొంతు దగ్గర గడ్డ తీశారు. గొంతు ఇంతేనన్నారు, ఇంక రాదన్నారు. మాట్టాడితే ప్రమాదమేం లేదు. వినేవాళ్లకే బాధ. కరుణక్క నేను లేకుండా ఆడనంది. నేను ఈ గొంతుతో ఎక్కనన్నా. పోట్లాడి పోట్లాడి ఆ రికార్డుకి ఒప్పుకుంది. ఆ పూట అక్క అన్నం తినలా. ఈ ఒక్క ఆటతో ఆపేద్దామనుకున్నా."

"మరి నా ప్రశ్నకి జవాబెందుకు చెప్పారు? ఊరుకోవచ్చుగా."

ఆవిడ నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "ప్రశ్న పడ్డాక వంత ఊరుకుంటే కథ ఆగిపోదూ?"

ఇదే మాట మా నాన్న నాకు చెప్పి ఉంటాడు. వంత చెప్పిన నోటితోనే నేను ఆవిణ్ణి ఆ మాట అడిగినందుకు నాకు సిగ్గేసింది. క్షమించమన్నాను. ఆవిడ వినిపించుకోనట్టు పులుసులో చింతపండు పోసింది.

అందరం చాప మీద కూర్చున్నాం. కంచంలో వడ్డించిన దేని మీదా నాకు ఆ పూట అనుమానం రాలేదు, పులుసు అంత బాగుంది. ఇమ్మానుయేలు రాత్రంతా ఆలోచించినట్టున్నాడు. ఉత్సాహంగా అన్నాడు. "సువార్తక్కా, దుబాయ్‌లో కొత్త రకం మైకులు వచ్చినయ్యంట. గుసగుస కూడా గోడ దాకా వినపడుద్దంట. వచ్చే ఏటికి ఒకటి తెప్పిద్దాం."

సువార్త ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. కరుణమ్మ గారి చెయ్యి కూడా కంచంలో ఆగింది.

"వద్దు" అంది సువార్త. "ఒక్క జోకుకి అన్నిసార్లు నవ్వు రావటం నా సర్వీసులో నిన్ననే చూశా. వచ్చే ఏడూ ఉన్న మైకే చాలు."

గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. చాప చివర కూర్చున్నవాళ్లకి ఆ గొంతు అందలేదు. "ఏమంది? సువార్తక్క ఏమంది?" అని అడిగారు.

నేను వెనక్కి తిరిగి, గట్టిగా చెప్పాను.